పట్టా మీద ఆ లాటిన్ మాటలేమిటి? చదువుల సందేహాలకు జవాబులు

అమెరికా యూనివర్సిటీల్లో స్నాతకోత్సవాలు ఎక్కువగా మే నెలలో జరుగుతాయి. ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలయ్యాక ఈ శీర్షికకు, బాగా చదివినవారి పట్టా మీద వేసే ‘కుమ్ లౌదే’ అనే లాటిన్ మాట గురించిన ప్రశ్నలు వరుసకట్టాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఈసారి చోటంతా వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మా మనవరాలు న్యూజెర్సీలో డిగ్రీ పూర్తి చేసింది. పట్టా మీద ‘మాగ్నా కుమ్ లౌదే’ అని వచ్చిందట. ఇది మన గోల్డ్ మెడల్ లాంటిదా? యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినట్టా? ఎలా పలకాలో కూడా చెప్పండి. – ఒక తాతయ్య, రాజమహేంద్రవరం

బాగా చదివిన పిల్లలకే వస్తుంది, సందేహం లేదు. అయితే గోల్డ్ మెడల్ కాదు. మన దగ్గర గోల్డ్ మెడల్ ఒక బ్రాంచిలోనో ఒక సబ్జెక్టులోనో మొదట నిలిచిన ఒక్కరికే. ఇది ర్యాంకు కాదు, శ్రేణి. యూనివర్సిటీ పెట్టిన మార్కుల గీత దాటినవాళ్లందరికీ ఇస్తారు.

మెట్లు మూడు. ‘కుమ్ లౌదే’ అంటే ప్రశంసతో పట్టా పొందినట్టు. ‘మాగ్నా కుమ్ లౌదే’ అంటే గొప్ప ప్రశంసతో. ‘సుమ్మా కుమ్ లౌదే’ అంటే అన్నిటికన్నా పై ప్రశంసతో. మీ మనవరాలిది నడిమి మెట్టు. పలకడానికి ‘మాగ్నా కుమ్ లౌదే’ అంటే చాలు. అమెరికాలో ‘లౌడే’, ‘లౌడీ’, ‘లాడీ’ అని తలా ఒక రకంగా అంటారు, ఎవరూ తప్పుపట్టరు.

ఇక ఎన్ని మార్కులకు మాగ్నా అంటే దేశమంతటికీ ఒకే జవాబు లేదు. ప్రభుత్వ నియమం కాదు, ఏ యూనివర్సిటీ గీత ఆ యూనివర్సిటీదే. ఒక్కోసారి ఒకే యూనివర్సిటీలో ఇంజినీరింగ్ కాలేజీకి ఒక గీత, ఆర్ట్స్ కాలేజీకి మరో గీత. గీత గీసే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది ఇంత జీపీఏ (గ్రేడ్ల సగటు, 4.0కి లెక్క) కావాలని ముందే ప్రకటించడం: పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీలో 3.4 దాటితే కుమ్ లౌదే, 3.6 దాటితే మాగ్నా, 3.8 దాటితే సుమ్మా. రెండోది క్లాసులో వాటా పెట్టడం: యేల్‌లో పై 5 శాతం మందికి సుమ్మా, తర్వాతి 10 శాతానికి మాగ్నా, ఆ తర్వాతి 15 శాతానికి కుమ్ లౌదే. కొలంబియా కాలేజీలో ఈ వాటాలు 5, 10, 10. కాబట్టి 3.75 తెచ్చుకున్న విద్యార్థికి ఒకచోట మాగ్నా వస్తుంది, ఇంకోచోట ఏమీ రాదు. పక్కింటివాళ్ల అబ్బాయితో పోల్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఈ గౌరవాలు అందరికీ పంచేస్తారని మా కొలీగ్ అంటున్నారు. నిజమేనా? – లెక్చరర్, కరీంనగర్

అందరికీ కాదు గానీ, ఆయన మాటకు కారణం ఉంది. ఈ ఆచారాన్ని అమెరికాలో మొదలుపెట్టింది హార్వర్డ్, 1869లో. 1872 నుంచి కుమ్ లౌదే, సుమ్మా కుమ్ లౌదే అనే రెండే ఉండేవి. 1880లో మధ్యలో మాగ్నాను చేర్చారు. అదే హార్వర్డ్‌లో 2001లో పట్టా తీసుకున్నవారిలో 91 శాతం మంది ఏదో ఒక ఆనర్స్‌తో బయటికొచ్చారు. పత్రికల్లో గోల అయ్యింది. మరుసటి ఏడాది అధ్యాపకులు ఓటు వేసి దాన్ని 60 శాతానికి మించకుండా కట్టడి చేశారు, 2005లో పట్టా పొందిన బ్యాచి నుంచి అమలైంది.

గ్రేడ్లు ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ పోతే, ఎప్పుడో గీసిన జీపీఏ గీతను దాటేవాళ్లు కూడా పెరుగుతారు. చాలా యూనివర్సిటీలు స్థిరమైన జీపీఏ వదిలేసి శాతం వాటాకు మారడానికి కారణం ఇదే. మా ఉద్దేశంలో వాటా పద్ధతే మేలు, ఎందుకంటే ‘పై 5 శాతం’ అంటే ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. కానీ విద్యార్థికి అందులో ఒక చిక్కుంది. ఆఖరి సెమిస్టరు గ్రేడ్లు పడేదాకా గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వెబ్‌సైట్లో కనిపించే అంకెలు సాధారణంగా కిందటేడు బ్యాచివి.

ప్రశ్న: నేను టెక్సాస్‌లో బి.ఎస్. చివరి సెమిస్టర్‌లోకి వచ్చాను. 105 క్రెడిట్లకు నా జీపీఏ 3.58. మా కాలేజీలో కుమ్ లౌదేకి 3.60 కావాలి. 15 క్రెడిట్లు మిగిలాయి. అందుకోగలనా? 3.595 వస్తే 3.60గా తీసుకుంటారా? – ఒక విద్యార్థి

రెండో ప్రశ్నకు ముందు జవాబు: తీసుకోరనే అనుకుని లెక్క వేసుకోండి. చాలా యూనివర్సిటీల నియమావళిలో రౌండింగ్ లేదని విడిగా రాసి ఉంటుంది. ట్రాన్‌స్క్రిప్టులో, అంటే యూనివర్సిటీ ఇచ్చే గ్రేడ్ల పత్రంలో, రెండు దశాంశాలే కనిపించినా రిజిస్ట్రార్ ఆఫీసు మూడో అంకె, నాలుగో అంకె దాకా చూస్తుంది.

ఇక లెక్క. జీపీఏలను సగటు చేయకండి, క్వాలిటీ పాయింట్లు పట్టుకోండి. ఒక్కో కోర్సు గ్రేడు పాయింటును దాని క్రెడిట్లతో (కోర్సు బరువును చెప్పే అంకెతో) గుణిస్తే వచ్చేవే ఇవి. మీకు ఇప్పటిదాకా 105 × 3.58 = 375.9 ఉన్నాయి. 120 క్రెడిట్లకు 3.60 రావాలంటే 432 కావాలి. తేడా 56.1. దాన్ని 15తో భాగిస్తే 3.74. అంటే ఈ ఒక్క సెమిస్టర్‌లో మీ జీపీఏ 3.74 ఉండాలి.

మూడేసి క్రెడిట్ల కోర్సులు ఐదు అనుకుందాం. ఎ అంటే 4.0, ఎ-మైనస్ అంటే 3.7, బి-ప్లస్ అంటే 3.3 ఇచ్చే కాలేజీ అనుకుందాం. ఐదింటిలోనూ ఎ-మైనస్ వస్తే చేతికొచ్చేవి 55.5 పాయింట్లు. మొత్తం 431.4, జీపీఏ 3.595. చూడటానికి చక్కటి మార్కులే, అయినా గీత తప్పిపోతుంది. వాటిలో ఒక్కటి ఎ అయితే 56.4 పాయింట్లు, జీపీఏ 3.6025, గీత దాటినట్టే. ఏదో ఒక కోర్సులో బి-ప్లస్ పడితే, మిగతా నాలుగింటిలో కనీసం రెండు ఎ, రెండు ఎ-మైనస్ రావాలి. అప్పుడు సరిగ్గా 3.600 దగ్గర ఆగుతారు.

కష్టమైన కోర్సును పాస్-ఫెయిల్ కింద, అంటే గ్రేడు లేకుండా పాసో ఫెయిలో మాత్రం వేసేలా, మార్చుకుంటే బాగుంటుందా అని చాలామంది అడుగుతారు. పాస్-ఫెయిల్ కోర్సు క్రెడిట్లు డిగ్రీకి లెక్కవుతాయి, జీపీఏకి కావు. అప్పుడు మీకు 117 క్రెడిట్ల మీద 421.2 పాయింట్లు కావాలి. మిగతా నాలుగు కోర్సుల్లో సగటు 3.775, అంటే ఒక ఎ, మూడు ఎ-మైనస్. ఆ కష్టమైన కోర్సులో బి-ప్లస్ వస్తుందని భయముంటే ఈ మార్పు మీకు మేలు చేస్తుంది, ఎ వచ్చే అవకాశముంటే నష్టమే. పైగా ఆనర్స్‌కి కనీసం ఇన్ని క్రెడిట్లు లెటర్ గ్రేడుతోనే ఉండాలన్న షరతు కొన్నిచోట్ల ఉంటుంది. మేజర్ (ముఖ్య సబ్జెక్టు) కోర్సులను పాస్-ఫెయిల్ కింద తీసుకోనివ్వని డిపార్టుమెంట్లు ఎన్నో. మార్చుకోవడానికి గడువు కూడా చాలాచోట్ల సెమిస్టరు మధ్యలోనే ముగుస్తుంది. ఇవన్నీ అడ్వైజర్‌ని అడిగాకే ఫారం నింపండి.

మీరు చేరిన సంవత్సరం కేటలాగ్ (యూనివర్సిటీ నియమాల పుస్తకం) తెరిచి ‘గ్రాడ్యుయేషన్ విత్ ఆనర్స్’ పేజీ ఒకసారి ఓపిగ్గా చదవండి. సాధారణంగా కాలు జారే చోట్లు ఇవి. కమ్యూనిటీ కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వస్తే, ఇప్పటి యూనివర్సిటీలో కనీసం ఇన్ని క్రెడిట్లు చదివి ఉండాలంటారు, చాలాచోట్ల అది 60. పాత కాలేజీ గ్రేడ్లను కొందరు కలుపుతారు, కొందరు ఇప్పటి యూనివర్సిటీవే చూస్తారు. తప్పిన కోర్సును మళ్లీ చదివితే ట్రాన్‌స్క్రిప్టు జీపీఏలో పాత గ్రేడు తీసేసినా, ఆనర్స్ లెక్కలో మాత్రం రెండూ కలిపే యూనివర్సిటీలున్నాయి. అందుకే కొందరు విద్యార్థులకు పోర్టల్‌లో కనిపించే జీపీఏ ఒకటి, ఆనర్స్‌కి చూసిన జీపీఏ ఇంకొకటి. ఇన్‌కంప్లీట్ గ్రేడు (కోర్సు పని ఇంకా పూర్తికాలేదన్న గుర్తు) ఒక్కటి మిగిలి ఉన్నా డిగ్రీయే ఆగుతుంది. కాపీ కొట్టినట్టు తేలిన కేసు రికార్డులో ఉంటే, జీపీఏ ఎంతున్నా ఆనర్స్ ఇవ్వని కాలేజీలున్నాయి.

ప్రశ్న: ఎం.ఎస్.లో నాకు 4.0 జీపీఏ ఉంది. సుమ్మా కుమ్ లౌదే వస్తుందా? దరఖాస్తు చేయాలా? – ఎం.ఎస్. విద్యార్థిని, షార్లట్

అమెరికాలో దాదాపు రాదు. లాటిన్ గౌరవాలు బ్యాచిలర్స్ డిగ్రీ కోసం పుట్టినవి. లా స్కూళ్లు తమ జె.డి. (న్యాయశాస్త్ర) డిగ్రీకి ఇస్తాయి. మాస్టర్స్‌కి మాత్రం ఇవ్వని యూనివర్సిటీలే ఎక్కువ. కారణం తేలికే: మాస్టర్స్‌లో 3.0 కన్నా తగ్గితే ప్రొబేషన్‌లో పెడతారు, కాబట్టి అందరి గ్రేడ్లూ 3.5కీ 4.0కీ మధ్య కిక్కిరిసి ఉంటాయి. అక్కడ మూడు మెట్లు కట్టినా పెద్ద తేడా తెలియదు. కొన్ని యూనివర్సిటీల్లో మాస్టర్స్‌కి ‘విత్ డిస్టింక్షన్’ అని ఉంటుంది, మీ గ్రాడ్యుయేట్ స్కూల్ కేటలాగ్‌లో చూడండి. లేకపోతే రెజ్యూమెలో ‘జీపీఏ 4.0/4.0’ అని రాయండి. దానికన్నా స్పష్టమైన మాట లేదు.

ఒకటి మాత్రం మీకు అందుబాటులో ఉండవచ్చు. 1897లో మెయిన్ యూనివర్సిటీలో మొదలైన ఫై కప్పా ఫై అనే ఆనర్ సొసైటీ (బాగా చదివేవారి సంఘం) పీజీ విద్యార్థులను కూడా తీసుకుంటుంది, పై 10 శాతంలో ఉన్నవారిని. మీ క్యాంపస్‌లో శాఖ ఉంటే వాళ్లే ఆహ్వానిస్తారు.

ప్రశ్న: మా మేనల్లుడు ఎం.ఐ.టి.లో చదివాడు. చుట్టాల పిల్లలందరి పట్టాల మీదా ఏదో ఒక లాటిన్ మాట ఉంది, వాడిదాని మీద లేదు. మార్కులు తక్కువా? – ఒక అత్త, హైదరాబాద్

ఎం.ఐ.టి. ఎవరికీ ఇవ్వదు, ఎంత మార్కులొచ్చినా సరే. స్టాన్‌ఫర్డ్‌లో లాటిన్ లేదు, ప్రతి స్కూల్లో పై 15 శాతానికి ‘విత్ డిస్టింక్షన్’ అంటారు. బ్రౌన్‌లో ఒక్క మాగ్నాయే ఉంది, క్లాసులో 20 శాతానికి మించకుండా. అక్కడ కుమ్ లౌదే లేదు, సుమ్మా లేదు. మీ మేనల్లుడిని నిశ్చింతగా ఉండమనండి.

ప్రశ్న: స్నాతకోత్సవం పుస్తకంలో మా అమ్మాయి పేరు పక్కన కుమ్ లౌదే గుర్తు ఉంది. మెడలో బంగారు రంగు తాడు కూడా వేశారు. రెండు నెలల తర్వాత వచ్చిన పట్టా మీద ఆ మాట లేదు. ప్రింటింగ్ పొరపాటా? ఎవరికి రాయాలి? – ఒక తండ్రి, విజయవాడ

పొరపాటు కాకపోవచ్చు. స్నాతకోత్సవం పుస్తకం అచ్చుకు వెళ్లేసరికి ఆఖరి సెమిస్టరు గ్రేడ్లు రావు. అందుకే అంతకు ముందు సెమిస్టరు దాకా ఉన్న జీపీఏతో గుర్తులు పెడతారు. పుస్తకం మొదటి పేజీలోనో ఆఖరి పేజీలోనో ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. తాళ్లూ అదే లెక్కన ఇస్తారు. ఆఖరి గ్రేడ్లు పడ్డాక మళ్లీ లెక్కించి, దాని ప్రకారం ట్రాన్‌స్క్రిప్టు మీద, పట్టా మీద వేస్తారు. అసలైన లెక్క ఈ రెండోదే. కొందరికి వేదిక మీద లేనిది పట్టా మీద వస్తుంది, కొందరికి మీ అమ్మాయిలా అవుతుంది.

అయినా ఒకసారి సరిచూసుకోవడం మంచిది. ముందు అమ్మాయి చేత ట్రాన్‌స్క్రిప్టు తీయించండి. అక్కడ ఆనర్స్ ఉండి పట్టా మీద లేకపోతే అది ప్రింటింగ్ తప్పే, రిజిస్ట్రార్ ఆఫీసు మార్చి ఇస్తుంది. రెండింటిలోనూ లేకపోతే ఆఖరి జీపీఏని కేటలాగ్ గీతతో పోల్చండి. ఏ ప్రొఫెసరైనా గ్రేడు తప్పుగా వేశారనుకుంటే వెంటనే కదలాలి. డిగ్రీ ప్రదానం అయ్యాక రికార్డును మూసేస్తారు, ఆ తర్వాత అధ్యాపకుడి లెక్క తప్పయితే తప్ప గ్రేడు మార్చడం కష్టం. ఉత్తరం అమ్మాయి పేరుతోనే వెళ్లాలి. అక్కడి విద్యార్థి గోప్యతా చట్టం ప్రకారం, విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తల్లిదండ్రులకు గ్రేడ్ల సంగతి మామూలుగా చెప్పరు. ఇక్కడి నుంచి మీరు ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు రాకపోవడానికి అదే కారణం.

ప్రశ్న: డీన్స్ లిస్ట్, ఆనర్స్ ప్రోగ్రామ్, డిపార్ట్‌మెంటల్ ఆనర్స్, వాలెడిక్టోరియన్ అంటూ మా పిల్లలు ఏవేవో చెబుతున్నారు. అన్నీ ఒకటేనా? – ఒక తల్లి, ఫ్రీమాంట్

కావు. డీన్స్ లిస్ట్ ప్రతి సెమిస్టరుకీ విడిగా ఇచ్చేది, ఆ సెమిస్టరు జీపీఏ మీద. ఆనర్స్ ప్రోగ్రామ్ లేదా ఆనర్స్ కాలేజీ అంటే అడ్మిషన్ అప్పుడో మొదటి ఏడాదిలోనో చేరి, విడిగా కొన్ని కోర్సులు చదివేది. వాలెడిక్టోరియన్ అంటే క్లాసు మొత్తంలో మొదట నిలిచి వేదిక మీద మాట్లాడే విద్యార్థి. హైస్కూల్లో ఈ మాట ఎక్కువ వినిపిస్తుంది.

మీరు గట్టిగా పట్టించుకోవలసింది డిపార్ట్‌మెంటల్ ఆనర్స్. అది మేజర్ సబ్జెక్టులో మంచి జీపీఏతో పాటు థీసిస్ రాస్తే ఇచ్చేది. చాలామంది నాలుగో ఏడాది మధ్యలో దీని గురించి వింటారు, అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది. గైడ్‌ను వెతుక్కోవడం, టాపిక్ ఒప్పించుకోవడం మూడో ఏడాది ముగిసేలోగా జరగాలి. పీహెచ్‌డీ వైపు వెళ్లే పిల్లలకు సుమ్మా కన్నా ఈ థీసిస్సే అక్కరకొస్తుంది, ఎందుకంటే అడ్మిషన్ కమిటీ చదివే సిఫారసు ఉత్తరం రాసేది ఆ గైడే.

ప్రశ్న: ‘మీరు జాతీయ ఆనర్ సొసైటీకి ఎంపికయ్యారు, ఇంత ఫీజు కట్టండి’ అని మా వాడికి మెయిల్ వచ్చింది. నమ్మొచ్చా? – ఒక తండ్రి, ఒంగోలు

ఫీజు అడిగారని మాత్రమే మోసం అనలేం. పేరున్నవి కూడా ఒకసారి సభ్యత్వ రుసుము తీసుకుంటాయి. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో మొదలైన ఫై బీటా కప్పా ఆర్ట్స్, సైన్స్ విద్యార్థులకు. 1885లో లీహై యూనివర్సిటీలో పుట్టిన టౌ బీటా పై ఇంజినీరింగ్ వారికి: మూడో ఏడాదిలో క్లాసులో పై ఎనిమిదో వంతులో, నాలుగో ఏడాదిలో పై ఐదో వంతులో ఉన్నవారినే పరిశీలిస్తారు. ఇలాంటి సొసైటీకి మీ అబ్బాయి క్యాంపస్‌లో శాఖ ఉంటుంది, దానికి ఒక అధ్యాపకుడు బాధ్యుడిగా ఉంటారు, కాలేజీ వెబ్‌సైట్లో పేరుంటుంది.

మెయిల్ వచ్చిన సొసైటీకి ఈ మూడూ లేకపోతే, జీపీఏ అడగకుండానే ‘ఎంపికయ్యారు’ అంటే, డబ్బు కట్టకండి. దానివల్ల వచ్చేది ఒక సర్టిఫికెట్టూ మెడలో వేసుకోవడానికి ఇంకో తాడూ. తాళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి: వాటి రంగులకు దేశమంతటా ఒకే అర్థం లేదు. లాటిన్ గౌరవానికి చాలాచోట్ల బంగారు రంగు వాడతారు, అంతే. ఫొటోలో మెడనిండా తాళ్లున్న పిల్లవాడు పక్కవాడికన్నా బాగా చదివాడని అనుకోనక్కర్లేదు. సేవా కార్యక్రమాలకూ క్లబ్బులకూ కూడా తాళ్లు ఇస్తారు.

ప్రశ్న: జె.ఎన్.టి.యు.లో నాది ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్. అమెరికా ఉద్యోగాల రెజ్యూమెలో సుమ్మా కుమ్ లౌదే అని రాయొచ్చా? కన్సల్టెన్సీవాళ్లు రాయమంటున్నారు. – ఒక ఉద్యోగి, డల్లాస్

రాయకండి. ఇందులో ఇంకో మాట లేదు. లాటిన్ గౌరవం ఇచ్చే అధికారం మీ యూనివర్సిటీది. అది మీకు ఇవ్వని దాన్ని మీరు తగిలించుకుంటే అబద్ధం రాసినట్టే. కంపెనీలు చదువు వివరాలను సరిచూసే ఏజెన్సీలకు అప్పగిస్తాయి. వాళ్లు మీ ఓడీనీ (ఒరిజినల్ డిగ్రీ), కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమోనూ అడుగుతారు. ఆ కాగితాల మీద లేని మాట రెజ్యూమెలో కనిపిస్తే ఆఫర్ వెనక్కి పోవచ్చు. చేరి ఏళ్లయ్యాక బయటపడినా ఉద్యోగానికి ముప్పే.

రాయవలసింది పట్టా మీద ఎలా ఉందో అలాగే: బి.టెక్., మీ బ్రాంచి, ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్, సీజీపీఏ 8.4/10 అని. స్కేలు 10 అని రాయడం మరవకండి. దాన్ని మీరే 4.0లోకి మార్చి రాయకండి. పదిని నాలుగు చేయడానికి 0.4తో గుణించే లెక్కను, విదేశీ డిగ్రీలను అమెరికా డిగ్రీలతో పోల్చి చెప్పే ఎవాల్యుయేషన్ సంస్థలు ఒప్పుకోవు, వాళ్లు ఒక్కో కోర్సు గ్రేడును విడిగా మారుస్తారు. శాతం అడిగితే మీ యూనివర్సిటీ రెగ్యులేషన్‌లో ఇచ్చిన సూత్రమే వాడాలి. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ ఆర్-18 (2018 రెగ్యులేషన్)లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. కాకినాడలో 0.75 తీసేసే రెగ్యులేషన్లున్నాయి. 8.4కి ఒక లెక్కన 79, ఇంకో లెక్కన 76.5 శాతం.

మీ డిస్టింక్షన్ విలువ చెప్పాలనుకుంటే, బ్యాక్‌లాగ్ లేకుండా మొదటిసారే అన్నీ పాసైనట్టు ఒక చిన్న వాక్యం చేర్చండి. కాలేజీ ర్యాంకు ఉండి దానికి కాగితం ఉంటే అదీ రాయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ బీఎస్సీ ఆనర్స్ చదువుతోంది. అంటే ఆనర్స్‌తో పాసైనట్టేనా? లండన్‌లో మావాళ్లబ్బాయికి 71 శాతమే వచ్చినా ‘ఫస్ట్’ అంటున్నారు, అదేమిటి? – ఒక తల్లి, తిరుపతి

మూడు దేశాల్లో మూడు సంగతులు. మన దగ్గర ఆనర్స్ అనేది కోర్సు పేరు, మార్కుల మెచ్చుకోలు కాదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒకే మేజర్‌తో ఆనర్స్ కోర్సులు పెట్టారు. యూజీసీ చట్రం ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లతో మామూలు డిగ్రీ, నాలుగేళ్లకు 160 క్రెడిట్లతో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకుని, నాలుగో ఏడాది పరిశోధన చేస్తే ఆనర్స్ విత్ రీసెర్చ్. అమెరికా దరఖాస్తుల్లో ‘గ్రాడ్యుయేటెడ్ విత్ ఆనర్స్’ అన్న గడి కనిపిస్తే, కోర్సు పేరులో ఆనర్స్ ఉంది కదా అని టిక్ పెట్టకండి.

బ్రిటన్‌లో డిగ్రీ చాలావరకు ఆనర్స్‌గానే ఉంటుంది, దాని లోపల తరగతులుంటాయి. 70 దాటితే ఫస్ట్, 60 నుంచి 69 దాకా అప్పర్ సెకండ్, 50 నుంచి 59 లోయర్ సెకండ్, 40 నుంచి 49 థర్డ్. ఉద్యోగ ప్రకటనల్లో ‘టూ-వన్ కావాలి’ అంటే అప్పర్ సెకండ్ అని. మాస్టర్స్‌లో 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. అక్కడ పేపర్లు దిద్దేవారి చేతి నుంచి 80 రాలడం అరుదు. మన ఇంటర్ మార్కుల కళ్లతో 71ని చూస్తే చిన్నగా కనిపిస్తుంది గానీ, అది పై తరగతే.

ప్రశ్న: యూరప్‌లో ఎం.ఎస్. చేద్దామనుకుంటున్నాను. అక్కడ లాటిన్ గౌరవాలు మాస్టర్స్‌కి ఇస్తారా? – బి.టెక్. విద్యార్థి, వరంగల్

దేశాన్ని బట్టి. బెల్జియంలో ఇస్తారు. అక్కడి కె.యు. లూవెన్ యూనివర్సిటీలో మొత్తం శాతం 68 అయితే కుమ్ లౌదే, 77 అయితే మాగ్నా, 85 అయితే సుమ్మా, 90 దాటితే సుమ్మాతో పాటు పరీక్షల మండలి అభినందన. నెదర్లాండ్స్‌లో ఒక్క కుమ్ లౌదేనే ఉంటుంది, అదీ దుర్లభం. పదికి ఎనిమిది సగటు వచ్చినా, థీసిస్‌లో అంతకుమించి తెచ్చుకుంటే తప్ప చాలాచోట్ల ఇవ్వరు. ఇటలీలో లాటిన్ మెట్లు లేవు, 110కి 110 వచ్చాక దాని మీద ‘లోదే’ అని చేరుస్తారు. జర్మనీలో ఈ మాటలు ముఖ్యంగా పీహెచ్‌డీకి: సుమ్మా, మాగ్నా, కుమ్ లౌదే, ఆ కింద ‘రీతే’ అంటే పాస్. కాబట్టి జర్మనీ డాక్టరేట్ మీద ‘కుమ్ లౌదే’ చూసి అమెరికా కుమ్ లౌదేలా పొంగిపోకూడదు, అక్కడ అది కింది నుంచి రెండో మెట్టు.

ప్రశ్న: ఇంతకీ దీనివల్ల ఉద్యోగానికి, వీసాకి ఏమైనా ఉపయోగం ఉందా? – పలువురు పాఠకులు

హెచ్-1బీ విషయంలో ఏమీ లేదు. ఆ వీసాకి కావలసింది ఉద్యోగానికి తగిన డిగ్రీ, దాని మీద లాటిన్ మాట ఉన్నా లేకపోయినా ఒకటే. సాఫ్ట్‌వేర్ కంపెనీల ఇంటర్వ్యూల్లో దీన్ని అడిగేవాళ్లు అరుదు. లా స్కూల్ పట్టాలకు మాత్రం విలువ గట్టిగానే ఉంది, పెద్ద లా సంస్థలు చూస్తాయి. కన్సల్టింగ్, ఫైనాన్స్ కంపెనీలు మొదటి ఉద్యోగానికి రెజ్యూమెలు వడపోసేటప్పుడు చూస్తాయి. రెండో ఉద్యోగం నాటికి ఎవరికీ పట్టదు.

అమెరికా పౌరసత్వం ఉన్న మన పిల్లలకు ఒక చోట అసలైన లాభం ఉంది, చాలామందికి తెలియదు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో మామూలు బ్యాచిలర్స్ డిగ్రీతో జీఎస్-5 స్థాయిలో చేరతారు (జీఎస్ అంటే ఆ ఉద్యోగాల జీతాల మెట్లు). ‘సుపీరియర్ అకడమిక్ అచీవ్‌మెంట్’ చూపిస్తే చాలా పోస్టుల్లో జీఎస్-7లో చేరవచ్చు. దానికి క్లాసులో పై మూడో వంతులో ఉండాలి, లేదా మొత్తం జీపీఏ గానీ చివరి రెండేళ్ల జీపీఏ గానీ 3.0 ఉండాలి, లేదా మేజర్‌లో 3.5 ఉండాలి, లేదా గుర్తింపున్న జాతీయ ఆనర్ సొసైటీలో సభ్యత్వం ఉండాలి. ఇందులో ఏ ఒక్కటున్నా చాలు. కుమ్ లౌదే వచ్చినవారిలో ఎక్కువమంది ఈ షరతుల్లో ఏదో ఒకటి దాటే ఉంటారు, కానీ దరఖాస్తులో లాటిన్ మాట మాత్రం రాసి ఊరుకుంటే సరిపోదు. జీపీఏ కనిపించే ట్రాన్‌స్క్రిప్టు జతచేయాలి.

రెజ్యూమెలో రాసే పద్ధతి కూడా కొందరు అడిగారు. డిగ్రీ పేరు, మేజర్, ఆ తర్వాత కామా పెట్టి లాటిన్ మాటను స్మాల్ లెటర్స్‌లో, ఇటాలిక్స్‌లో. ముందు ‘విత్’ పెట్టనక్కర్లేదు, ఆ అర్థం ‘కుమ్’లోనే ఉంది. పట్టా ఇంకా రాకపోతే రాయకండి, జీపీఏ మాత్రం రాసి, ట్రాన్‌స్క్రిప్టులో ఆ మాట కనిపించాక చేర్చుకోండి.